అర కిలో ఇనుము, అర లీటరు నీళ్లు: సగటు 60 ఎందుకు రాలేదు?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీస్తాను. అర కిలో ఇనుప తూకపు రాయిని మరుగుతున్న నీళ్లలో ఉంచి, తీసి, 20 డిగ్రీల దగ్గరున్న అర లీటరు నీళ్లలో వేశారు. రెండిటి బరువూ ఒకటే కాబట్టి సగటున 60 డిగ్రీలు రావాలనుకున్నారు. థర్మామీటరు 26న్నర దగ్గర ఆగిపోయింది. మిగతా వేడి ఎటు పోయిందన్నది మొదటి ప్రశ్న. ఒకే గదిలో రాత్రంతా పడి ఉన్న ఇనుప కడ్డీ చల్లగానూ చెక్క తలుపు మామూలుగానూ ఎందుకు తగులుతాయి, రెండూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చి ఉండాలి కదా అన్నది రెండోది. రెండిటి ఉష్ణోగ్రతా ఒకటై సమతాస్థితి వచ్చాక వేడి కదలడం మానేస్తుందా అన్నది మూడోది.

పాతికేళ్లుగా నా పని హీట్ ఎక్స్‌ఛేంజర్లతోనే, అంటే ఒకదాని వేడిని కలపకుండానే ఇంకోదానికి అందించే యంత్రాలతో. కొత్తగా చేరే ఇంజినీర్లు కూడా ఒక చోట తడబడతారు. వేడి ప్రయాణం ఎక్కడ ఆగుతుంది అన్నది ఒక లెక్క, అక్కడికి ఎంతసేపట్లో చేరుతుంది అన్నది వేరే లెక్క. మొదటిది తేల్చేవి ఆ వస్తువుల పదార్థం, బరువు. రెండోది తేల్చేది వాటి మధ్య ఉన్న దారి. ఈ రెండిటినీ కలిపేసినంతకాలం మీ 26న్నర అర్థం కాదు, కడ్డీ చల్లదనమూ అర్థం కాదు.

వేడిని, శక్తిని జౌల్స్‌లో కొలుస్తారు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 4.186 జౌల్స్ కావాలి. గ్రాము ఇనుముకు 0.45 చాలు. పాఠ్యపుస్తకాల్లో విశిష్టోష్ణం అని చదువుకున్నది ఇదే. ఈ లెక్కన మీ అర కిలో నీళ్లు ఒక్క డిగ్రీ పెరగాలంటే 2,093 జౌల్స్ తీసుకుంటాయి. అర కిలో ఇనుము ఒక్క డిగ్రీ దిగితే ఇచ్చేది 225 మాత్రమే. నీళ్లు ఒక డిగ్రీ ఎక్కాలంటే ఇనుము తొమ్మిది డిగ్రీలకు పైగా దిగాలన్నమాట. ఇప్పుడు మొదట ఉన్న 80 డిగ్రీల తేడాను 10.3 వాటాలు చేయండి. ఒక వాటా నీళ్లు ఎక్కుతాయి, మిగతా 9.3 వాటాలూ ఇనుము దిగుతుంది. ఒక వాటా అంటే 7.8 డిగ్రీలు. 20కి 7.8 కలిపితే 27.8.

వేడి ఎటూ పోలేదు. ఇనుము 72 డిగ్రీలు దిగి ఇచ్చిన 16 వేల పైచిలుకు జౌల్సే నీళ్లు 7.8 డిగ్రీలు ఎక్కడానికి సరిపోయాయి. సమతాస్థితిలో సమానమయ్యేది ఉష్ణోగ్రత ఒక్కటే. ఎవరి దగ్గర ఎన్ని జౌల్స్ ఉన్నాయన్నది సమానం కానక్కర్లేదు.

బరువు సమానమైతే సగటు రావాలని అనుకున్నది మీరొక్కరే కాదు. 18వ శతాబ్దంలో పెద్ద పెద్ద పండితులు కూడా ఒక వస్తువులో పట్టే వేడి దాని బరువును బట్టో ఘనపరిమాణాన్ని బట్టో ఉంటుందనే నమ్మారు. థర్మామీటర్లు తయారుచేసిన ఫారెన్‌హీట్ పాదరసాన్ని, నీళ్లను కలిపి చూసినప్పుడు ఈ రెండు అంచనాలూ తప్పాయి. నీటికంటే పదమూడు రెట్లు బరువైన పాదరసం ఉష్ణోగ్రత మీద తన బరువుకు తగ్గ ప్రభావం చూపలేదు. ఆ ఫలితాన్ని సరిగ్గా చదివింది 1760 ప్రాంతంలో గ్లాస్గోలో పాఠాలు చెబుతుండిన జోసెఫ్ బ్లాక్. వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అని, ఒక్కో పదార్థానికి వేడిని పట్టుకునే శక్తి ఒక్కోలా ఉంటుందని ఆయన తేల్చాడు.

కారణం చూడాలంటే పరమాణువులు లెక్కపెట్టాలి. ఘనపదార్థంలో ఒక్కో పరమాణువుకూ దాదాపు ఒకే మోతాదులో శక్తి పడుతుంది. ఇనుప పరమాణువు బరువైనది కాబట్టి గ్రాముకు తక్కువ పరమాణువులే వస్తాయి, అందుకే గ్రాముకు తక్కువ వేడి చాలు. లోహాల విషయంలో ఈ సూత్రాన్ని 1819లో ద్యూలాంగ్, పెతీ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు పట్టుకున్నారు. నీళ్లకూ ఇనుముకూ గ్రాముకు ఎన్ని పరమాణువులో లెక్కవేస్తే తేడా 9.3 రెట్లు వస్తుంది, పైన మనకు వచ్చిన సంఖ్యే! అయితే దీన్ని చూసి మరీ మురిసిపోకండి. నీళ్లు ద్రవం, వాటి అణువుల మధ్య హైడ్రోజన్ బంధాల సంగతి వేరు. సంఖ్యలు ఇంత దగ్గరగా కలవడంలో కొంత కాకతాళీయం ఉంది.

లెక్క 27.8 అంటోంది, మీకు వచ్చింది 26న్నర. థర్మామీటరును తిట్టకండి, ఆ తేడాకు నిజమైన కారణం ఉంది. మరుగుతున్న నీళ్లలోంచి రాయిని బయటకు తీయగానే దాని ఒంటి మీది తడి ఎంతసేపు ఉంది? గుడ్డతో తుడవకుండానే, చూస్తుండగానే ఆరిపోయి ఉంటుంది. ఆ తడి ఆవిరి కావడానికి కావలసిన వేడిలో ఎక్కువ భాగం ఇచ్చింది ఇనుమే. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,257 జౌల్స్ కావాలి. మీ రాయి డిగ్రీకి ఇచ్చేది 225. అంటే ఒకే ఒక్క గ్రాము తడి ఆరితే రాయి పది డిగ్రీలు చల్లబడుతుంది. 100 అనుకుని మీరు వేసిన రాయి నీళ్లలో పడేటప్పటికి 90 దగ్గర ఉందనుకోండి, లెక్క 26.8కి దిగుతుంది. ఇక పాత్ర కూడా కొంత వేడి తాగుతుంది. 200 గ్రాముల రాగి గిన్నె అయితే డిగ్రీకి 77 జౌల్స్. అది కూడా కలిపితే 26.6. మీ 26న్నర తప్పు రీడింగ్ కానే కాదు.

తడి ఆరేలోపే గబుక్కున వేసేస్తే ఇంకో చిక్కు. రాయితోపాటు చెంచాడు మరిగే నీళ్లు, అంటే ఐదు గ్రాములు, వచ్చి పడ్డాయనుకోండి. అవి 1,500 జౌల్స్ మోసుకొస్తాయి, ఫలితం 0.6 డిగ్రీలు పైకి జరుగుతుంది. ఒక తప్పు కిందికి లాగితే ఇంకోటి పైకి లాగి, జవాబు సరిగ్గా కుదిరినట్టు కనిపించిన ప్రయోగాలు నేను చాలా చూశాను. నన్నడిగితే తేడా వచ్చిన ప్రయోగమే మేలు, ఎందుకని ఆలోచింపజేస్తుంది.

ఆవిరి ఊసు వచ్చింది కాబట్టి మంచు గురించీ ఒక మాట. 20 డిగ్రీల నీళ్లు 400 గ్రాములు తీసుకుని అందులో 0 డిగ్రీల నీళ్లు 100 గ్రాములు పోస్తే 16 వస్తుంది. ఆ 100 గ్రాములు నీళ్లు కాకుండా 0 డిగ్రీల మంచు అయితే? కరగడానికి గ్రాముకు 334 జౌల్స్ చొప్పున 33,400 కావాలి. 400 గ్రాముల నీళ్లు 20 నుంచి 0కి దిగితే ఇవ్వగలిగేది 33,488. అంటే మంచంతా కరిగేసరికి నీళ్లు కూడా సున్నాకి వచ్చేస్తాయి. రెండు సందర్భాల్లోనూ వేసింది సున్నా డిగ్రీలదే, అయినా ఒకదానికి 16, ఇంకోదానికి 0. మంచులోంచి చల్లదనం అనే పదార్థమేదీ నీళ్లలోకి రాలేదు. నీళ్లలోని వేడి మంచు గట్టి అల్లికను విడగొట్టడానికి ఖర్చయింది. ఇలా ఉష్ణోగ్రత మారకుండానే ఖర్చయ్యే వేడిని గుప్తోష్ణం అంటారు, ఇది కూడా బ్లాక్ కనిపెట్టిందే.

ఇక ఇనుప కడ్డీ. మీరు అనుకున్నది నిజమే, గది 25 డిగ్రీల దగ్గరుంటే రాత్రంతా అందులో ఉన్న కడ్డీ, తలుపు రెండూ 25 దగ్గరే ఉంటాయి. అక్కడ 25 దగ్గర లేనిది మీ చెయ్యి ఒక్కటే. చర్మం సుమారు 33 దగ్గర ఉంటుంది, లోపలినుంచి రక్తం దానికి వేడి అందిస్తూనే ఉంటుంది. కడ్డీని పట్టుకోగానే వేడి చేతిలోంచి కడ్డీలోకి పోతుంది. ఇనుము ఆ వేడిని తాకిన చోట నిలవనివ్వదు, లోపలికి లాగేసుకుంటూనే ఉంటుంది. దాంతో వేలి కొస ఉపరితలం సుమారు 26కి పడిపోతుంది. చెక్కను తాకినా వేడి పోతుంది, కానీ చెక్క దాన్ని లోపలికి పంపలేదు. తాకిన చోటే పలుచని పొర వేడెక్కి, ఇక చాలు అన్నట్టు అడ్డుపడుతుంది. చర్మం 31 దగ్గర నిలబడుతుంది. మీ నరాలకు తెలిసేది ఆ 26, 31 మధ్య తేడా. కడ్డీ ఉష్ణోగ్రత ఎంతో వాటికి తెలియదు.

నమ్మకం కుదరకపోతే ఒకే గదిలో ఉన్న ఒక లోహపు పళ్లెం, ఒక చెక్క పలక తెచ్చి ఒక్కోదాని మీద ఒక్కో మంచు ముక్క పెట్టండి. ఏది చల్లగా తగిలిందో దాని మీదే మంచు ముందు కరుగుతుంది. ఇది మొదటిసారి చూసినవాళ్ల మొహాలు చూడాలి! చేతిలోంచి వేడిని ఎంత చురుగ్గా లాగిందో, మంచుకు వేడిని అంతే చురుగ్గా అందిస్తుంది ఆ పళ్లెం. అలాగే గది 33 డిగ్రీల దాకా వేడెక్కితే కడ్డీ, తలుపు ఒకేలా తగులుతాయి. 50కి పోతే ఇనుము చురుక్కుమంటుంది, చెక్క ఊరుకుంటుంది.

థర్మామీటరు ఎందుకు మోసపోదు అంటారేమో. అదీ తనకు తెలిసిందే చెబుతుంది, చూపించేది ఎప్పుడూ తన సొంత ఉష్ణోగ్రతే. మనం కాసేపు ఆగి, అది ఆ వస్తువుతో సమతాస్థితికి వచ్చాక చదువుతాం కాబట్టి దాని మాట వస్తువుకూ చెల్లుతుంది. రెండు వస్తువులు విడివిడిగా మూడోదానితో సమతాస్థితిలో ఉంటే ఆ రెండూ ఒకదానితో ఒకటి కూడా సమతాస్థితిలోనే ఉంటాయన్న నియమం దీని వెనక ఉంది. వేడి, శక్తుల మార్పిడిని చదివే ఉష్ణగతిక శాస్త్రంలో మొదటి, రెండో నియమాలు ఎప్పుడో స్థిరపడ్డాక 1930లలో దీనికో పేరు కావలసి వచ్చింది. అన్నిటికంటే ముందుండాల్సింది కాబట్టి శూన్యాంక నియమం అన్నారు, బ్రిటిష్ శాస్త్రవేత్త రాల్ఫ్ ఫౌలర్ పెట్టిన పేరది. చెయ్యి ఎప్పటికీ కడ్డీతో సమతాస్థితికి రాదు, మనం బతికున్నంతకాలం రక్తం రానివ్వదు. అందుకే అది థర్మామీటరుగా పనికిరాదు.

ఎంతసేపు పడుతుందన్న సంగతి మీరు అడగలేదు కానీ నా జీతమంతా దాని మీదే కాబట్టి చెప్పకుండా ఉండలేను. 1701లో న్యూటన్ పేరు వేయకుండా అచ్చువేయించిన ఒక వ్యాసంలో వస్తువు చల్లబడే వేగం దానికీ పరిసరాలకూ ఉన్న తేడాను బట్టి ఉంటుందన్నాడు. 80 డిగ్రీల తేడా పది నిమిషాల్లో 40 అయితే, ఆ తర్వాత పది నిమిషాల్లో 20, మరో పదికి 10. చివరి ఒకటి రెండు డిగ్రీలకే ఓపిక నశిస్తుంది. తేడాలు మరీ పెద్దవైతేనూ, ఆవిరి పోతుంటేనూ ఈ లెక్క కొంత తప్పుతుంది, మామూలు పనులకు చాలు. పూర్తిగా సమానం అయ్యేదెప్పుడు అంటే, కాగితం మీద ఎప్పటికీ కాదు. నిజంలో మీ థర్మామీటరు చూపించగల అతిచిన్న గీత కంటే తేడా తగ్గిపోయినప్పుడు అయిపోయినట్టే.

మధ్యలో దారి ఎంత ముఖ్యమో నాకు తెలిసొచ్చింది ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో. ఒక ఎక్స్‌ఛేంజర్‌లోంచి నీళ్లు రావలసినంత వేడిగా రావడం లేదు. ప్రవాహం తక్కువైందని నేను పంపు మీద అనుమానపడి రెండు రోజులు దానితోనే కుస్తీ పట్టాను. చివరికి ఒక పాత ఫిట్టర్ ట్యూబు మూత విప్పించి లోపల వేలు పెట్టి గీకాడు. గోరంత మందాన తెల్లటి స్కేల్, అంటే నీళ్లలోని సున్నం పేరుకున్న పెచ్చు, రాలింది. అంతే, అదే అడ్డం. నీటి సున్నపు స్కేల్ ఉక్కు కంటే ఇరవై రెట్లకు పైగా అధమ వాహకం. మిల్లీమీటరు స్కేల్ పట్టిందంటే ట్యూబు గోడకు ఇంకో రెండు సెంటీమీటర్ల ఉక్కు అతికించినట్టే. అటు వేడి నీళ్లూ ఇటు చల్లటి నీళ్లూ ఎప్పటిలాగే ఉన్నాయి, సమతాస్థితి ఎక్కడో కూడా మారలేదు. అక్కడికి చేరేలోపే నీళ్లు బయటికి వచ్చేస్తున్నాయి, అంతే.

ఈ ఎక్స్‌ఛేంజర్లలోనే ఇంకో తమాషా ఉంది. లీటరు 100 డిగ్రీల నీళ్లు, లీటరు 0 డిగ్రీల నీళ్లు ఉన్నాయి. కలపకుండా, పలుచని లోహపు గోడ మధ్యలో పెట్టి ఒకదాని వేడి ఇంకోదానికి ఇవ్వాలి. చల్లటివి ఎంత దాకా వేడెక్కగలవు? 50 అనేస్తారు అందరూ. రెండు లీటర్లనూ ఒకేసారి పక్కపక్కన పెడితే నిజంగానే 50. కానీ వేడి నీళ్లను రెండు అర లీటర్లు చేయండి. మొదటి అర లీటరును చల్లటి లీటరు పక్కన పెడితే రెండూ 33.3 దగ్గర ఆగుతాయి. దాన్ని పక్కకు తీసేసి రెండో అర లీటరు పెట్టండి. 100కీ 33.3కీ మధ్య ఈసారి 55.6 దగ్గర ఆగుతాయి. చల్లటి నీళ్లు 55.6కి చేరాయి. వేడి నీళ్లు రెండు సగాలూ కలిపితే 44.4. చల్లటివి వేడివాటిని దాటిపోయాయి! ఏ దశలోనూ వేడి చల్లటిదాన్నుంచి వేడిదానికి పోలేదు, ఏ నియమమూ తప్పలేదు. వేడి నీళ్లను పది ముక్కలు చేస్తే 61 దాటుతుంది. రెండిటినీ ముక్కలు చేస్తూ పోతే, అంటే రెండు గొట్టాల్లో ఎదురెదురు దిశల్లో పారిస్తే, దాదాపు వేడంతా చేతులు మారేలా చేయొచ్చు. మేం చేసేది అదే. మంచు మీద నిలబడే పెంగ్విన్ కాళ్లలోనూ ఇదే ఏర్పాటు ఉంది. కిందికి పోయే వెచ్చటి రక్తం, పైకి వచ్చే చల్లటి రక్తం పక్కపక్క నాళాల్లో ఎదురెదురుగా నడుస్తాయి. పాదాల దాకా వేడి పోకుండా దారిలోనే వెనక్కి తిరిగి ఒంట్లోకి వచ్చేస్తుంది.

మూడో ప్రశ్న మిగిలింది. సమతాస్థితిలో వేడి కదలిక ఆగదు. రాకపోకలు సరిసమానమై, నికరంగా సున్నా అవుతుంది. దీని వెనక మంచి కథ ఉంది. 1790 ప్రాంతంలో జెనీవాలో పిక్టే అనే శాస్త్రవేత్త రెండు పుటాకార లోహపు అద్దాలను దూరదూరంగా ఎదురెదురుగా పెట్టి, ఒకదాని నాభి (కిరణాలు ప్రతిఫలించి కలిసే చోటు) దగ్గర థర్మామీటరు, ఇంకోదాని నాభి దగ్గర మంచు నింపిన పాత్ర ఉంచాడు. థర్మామీటరు దిగిపోయింది! మంచునుంచి చల్లదనం కిరణాలుగా వచ్చి అద్దాల్లో ప్రతిఫలించిందా అని అందరూ తలలు పట్టుకున్నారు. అదే ఊరివాడైన ప్రెవోస్ట్ 1791లో చిక్కుముడి విప్పాడు. ప్రతి వస్తువూ, మంచుతో సహా, అన్నివేళలా వేడిని వికిరణం చేస్తూనే, అంటే కిరణాలుగా పంపుతూనే ఉంటుంది. థర్మామీటరు ఎప్పటిలాగే తన వేడి పంపుతోంది, కానీ అటువైపు వెచ్చటి గోడకు బదులు మంచు ఉండటంతో తిరిగి వచ్చేది తగ్గింది. జీతం తగ్గి ఖర్చు మారకపోతే నిల్వ కరిగినట్టే. మీ గిన్నెలో ఇనుమూ నీళ్లూ 26న్నర దగ్గర కలిశాక కూడా వాటి అణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ శక్తి ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాయి. 0 డిగ్రీల మంచునీళ్ల గ్లాసులో కూడా ఒకచోట కరుగుతున్నంత నీరు ఇంకోచోట గడ్డకడుతూనే ఉంటుంది.

మళ్లీ చేసి చూడాలనుకుంటే రాయిని నేరుగా మరిగే నీళ్లలో వేయకండి. పొడి టిన్ను డబ్బాలో పెట్టి, మూతకు చిన్న రంధ్రం చేసి థర్మామీటరు దూర్చి, ఆ డబ్బాను మరిగే నీళ్లలో గంటసేపు ఉంచండి. థర్మామీటరు 98 అంటే లెక్కలో 98 వేయండి. రాయికి ముందే దారం కట్టి ఉంచితే ఒక్క ఊపులో గిన్నెలోకి దించేయొచ్చు. నీళ్లు గదికంటే నాలుగు డిగ్రీలు చల్లగా మొదలుపెట్టండి, చివరికి గదికంటే నాలుగు డిగ్రీలు వెచ్చగా తేలతాయి. మొదటి సగంలో గదినుంచి దొంగచాటుగా వచ్చిన వేడి, రెండో సగంలో బయటికి పోయే వేడితో చాలావరకు చెల్లుకు చెల్లవుతుంది. గది 24 దగ్గర ఉన్న రోజు మీ 20 డిగ్రీల నీళ్లు దీనికి సరిగ్గా సరిపోతాయి. పాత్ర బరువు మరిచిపోకుండా ముందే తూచుకోండి.